జీడితోటలో గడ్డి కోతకి ట్రాక్టరు వెనక ఏం తగిలించాలి?

ఆగస్టు నెలాఖరుకి మా తోటలో గడ్డి నడుం దాకా వస్తుంది. కాశీనగరం దాటాక, వంశధార వైపు పల్లం వదిలేసి కొండ మొదలయ్యే చోట, మెట్ట మీద ఐదెకరాల జీడి మాది. జూన్‌లో తొలకరి పడ్డప్పుడు లేతగా, చూడముచ్చటగా ఉండే గడ్డి రెండు నెలలు తిరిగేసరికి మనిషిని దాచేస్తుంది. దాని కింద రాయి కనపడదు, పాము కనపడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పడగొట్టిన చెట్ల మోళ్లు కూడా కనపడవు.

ఒకప్పుడు పదిమంది కూలీలు కొడవళ్లు పట్టుకుని వారం రోజుల్లో తోట శుభ్రం చేసేసేవారు. ఇప్పుడు ఆ మనుషులు దొరకడం లేదు. మా ఊళ్లో కుర్రాళ్లు చాలామంది కేరళకో చెన్నైకో పనులకి వెళ్లిపోయారు. అందుకే ఒడిశాలోని మా గజపతి జిల్లాలో, ఇటు ఆంధ్రాలో పాతపట్నం, మెళియాపుట్టి వైపున కూడా, తోటలున్న రైతులు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి ఇక్కడికే వస్తుంది: "ట్రాక్టరు వెనక తగిలించే గడ్డి మిషన్లలో ఏది మంచిది?"

ఈ ప్రశ్న పట్టుకుని షాపుకి వెళ్తే, వాళ్ల గోడౌన్‌లో ఏది ఉంటే అదే మంచిదంటారు. నన్ను అడిగిన వాళ్లని నేను ముందు ఒకటే అడుగుతాను: కోసిన గడ్డి ఎక్కడికి పోవాలి? పశువుల ముందుకా, చెట్టు కింద నేల మీదకా? ఆ జవాబు తేలకుండా హెచ్‌పీ గురించీ రేటు గురించీ సబ్సిడీ గురించీ ఎంత మాట్లాడినా లాభం లేదు. నేను ఆ జవాబు తేల్చుకోకుండానే కొన్నాను. తోట శుభ్రమవుతుంది, అదే గడ్డి పశువులకి మేత అవుతుంది, ఒకే మిషన్‌తో రెండు పనులు అని లెక్కేసుకుని ఒక రోటరీ స్లాషర్ తెచ్చాను. తోట శుభ్రమైంది. గడ్డి పోగుచేసి పాకలో వేస్తే మా ఆవు వాసన చూసి మొహం తిప్పేసుకుంది. రెండో రోజూ అంతే.

ఆవు ఎందుకు తినలేదంటే

స్లాషర్ అంటే ఒక ఇనప డెక్కు, అంటే బోర్లించిన మూతలాంటిది, దాని కింద గిర్రున తిరిగే రెండు మందపాటి బ్లేడ్లు. ఇది గడ్డిని కొడవలిలా కోయదు, కొడుతుంది. కొట్టిన గడ్డి డెక్కు లోపల తిరిగి మళ్లీ బ్లేడుకి తగులుతుంది. ముక్కలు ముక్కలై, కొంత నలిగి, కొంత పీచులై బయటికొస్తుంది. ఆ గాలి విసురుకి నేల మీదున్న మట్టి, ఎండిన ఆకులు, పాత పేడ అన్నీ లేచి గడ్డిలో కలిసిపోతాయి. మట్టి వాసన తగిలితే పశువు ముట్టదు, ఆకలికి తిన్నా ఒంటికి మంచిది కాదు. ఆ ముక్కల్ని నేల మీంచి పోగుచెయ్యడం కూడా కష్టమే. సగం అక్కడే ఉండిపోతుంది.

మేత కావాలంటే గడ్డి మొదట్లో ఒక్కసారి తెగి, నిలువుగా ఉన్నది ఉన్నట్టే పక్కకి వాలాలి. దానికి రెండు రకాల మిషన్లున్నాయి.

మొదటిది కట్టర్ బార్. క్షౌరం చేసే మిషన్ ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, కాకపోతే ఐదారు అడుగుల పొడవు. కింద కదలని వేళ్లు, వాటి మీద అటూ ఇటూ జరిగే మూడు మూలల కత్తులు. కత్తెరలా కోస్తుంది కాబట్టి బలం చాలా తక్కువ తీసుకుంటుంది. మీటరు వెడల్పు కోతకి రెండు హెచ్‌పీ కూడా పట్టదు. చిన్న ట్రాక్టరుకి ఇది హాయి. గడ్డి మట్టి అంటకుండా చక్కగా పడుకుంటుంది. అయితే రాయి తగిలినా, చెదల పుట్టలోకి దూరినా కత్తులు విరిగిపోతాయి. వానకి పడిపోయి మెలిపడ్డ గడ్డి వేళ్ల మధ్య ఇరుక్కుంటుంది. డ్రైవరు పది నిమిషాలకోసారి దిగి లాగాలి. గట్టు పక్కన చదునైన గడ్డిభూమి, ఖాళీగా వదిలిన వరిమడి లాంటి చోట్ల దీనికి సాటి లేదు. మా కొండవాలు తోటలో మాత్రం పూట గడవకుండా విరిగిపోతుంది.

రెండోది డ్రమ్ మూవర్. ట్రాక్టరు పక్కకి రెండు పెద్ద డ్రమ్ములు ఎదురెదురుగా తిరుగుతాయి. వాటి అడుగున పళ్లెంలాంటి గిన్నె నేల మీద జారుతూ ఉంటుంది, దాని పైన చిన్న చిన్న బ్లేడ్లు. కోసిన గడ్డి రెండు డ్రమ్ముల మధ్య నుంచి వచ్చి వెనకాల ఒకే వరసగా పడుతుంది. ఎండబెట్టుకోవడానికీ ఎత్తుకోవడానికీ ఆ వరస ఎంత ఉపయోగమో చేసిన వాళ్లకే తెలుస్తుంది. గడ్డి దట్టంగా ఉన్నా, పడిపోయినా ఆగదు. కానీ బరువైన మిషన్. మినీ ట్రాక్టరు మొయ్యలేదు. ముప్పై ఐదు, నలభై హెచ్‌పీ బండి ఉండాలి.

మేత కోసం పెంచే నేపియర్ గడ్డి వేసుకున్న వాళ్లు ఈ రెండూ కొనక్కర్లేదు. దాని కాడ లావు. అరెకరం, ఎకరం నేపియర్‌కి కొడవలో భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టరో చాలు. నాటిన రెండున్నర నెలలకి మొదటి కోత, ఆ తర్వాత నలభై ఐదు రోజులకోసారి. నేలకి జానెడు లోపు ఎత్తులో మొదలు వదిలి కొయ్యాలి, మరీ నేలకంటా కోస్తే పిలక నీరసిస్తుంది. కోసింది పాక దగ్గర చాఫ్ కట్టర్‌లో వేసి ముక్కలు చేసుకోవాలి.

జీడి చెట్టు కింద కావలసింది వేరు

మా వైపు రైతులకి అసలు అవసరం తోటలోనే. "కోయడం ఎందుకు, మట్టిని తిరగేసే రోటవేటరు తిప్పేస్తే పోలేదా?" అంటారు చాలామంది. పల్లపు నేలలో ఏమో గానీ, వాలులో అది తోటకి చేసే నష్టం కళ్లతో చూశాను. జీడికి నీరూ సారమూ తెచ్చే సన్నవేర్లు చాలావరకు నేల పైపొరలోనే ఉంటాయి, చెట్టు గొడుగు దాటి కూడా పాకుతాయి. రోటవేటరు వాటిని తెంపేస్తుంది. ఆపైన గుల్ల చేసిన మట్టిని ఒక్క జడివాన గెడ్డలోకి, అంటే వాగులోకి, దించేస్తుంది. గడ్డి వేరు నేలలో ఉండి, పైన మాత్రం పొట్టిగా ఉంటే మట్టి కదలదు.

పొట్టిగా ఎందుకుండాలంటే, మార్చి నుంచి మే దాకా గింజ చెట్టు మీంచి రాలుతుంది, మనం నేల మీంచి ఏరుకుంటాం. మోకాలెత్తు గడ్డిలో రాలిన గింజ సగం కనపడదు, కనపడకుండా తడిస్తే పాడవుతుంది. పలాస జీడి బట్టీల వాళ్లు మచ్చపడ్డ గింజకి రేటు ఎలా తగ్గిస్తారో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. అగ్గి భయం ఇంకోటి. ఫిబ్రవరి దాటితే కొండ మీద పోడుకి పెట్టిన నిప్పు ఎండుగడ్డి పట్టుకుని తోటలోకి దిగిపోతుంది. తోట చుట్టూ మూడు నాలుగు మీటర్ల పట్టీ నేల కనపడేంత శుభ్రంగా ఉంచుకోవాలి. అక్కడ కోసిన గడ్డిని అక్కడే వదలకూడదు, లోపలికి లాగెయ్యాలి. ఎందుకంటే ఎండిన తుక్కు కూడా మండుతుంది.

కాబట్టి తోట లోపల గడ్డి నేల మీదే ఉండాలి, ముక్కలై తొందరగా కుళ్లాలి. ఇక్కడ పోటీ స్లాషర్‌కీ ఫ్లెయిల్ మూవర్‌కీ మధ్య. షాపుల్లో ఫ్లెయిల్‌ని 'మల్చర్' అని అమ్ముతారు. పంజాబ్ వైపు వరి దుబ్బులు నలగ్గొట్టే మల్చర్ కూడా ఈ జాతిదే.

స్లాషర్‌ బ్లేడ్లు నేలకి సమాంతరంగా తిరిగితే, ఫ్లెయిల్‌లో అడ్డంగా ఒక రోలరు ఉంటుంది, దానికి పదుల సంఖ్యలో చిన్న బ్లేడ్లు వేలాడుతుంటాయి. ఇంగ్లీషు వై అక్షరంలా ఉండేవి కొన్ని, సుత్తిలా ఉండేవి కొన్ని. గడ్డికి వై బ్లేడు, కంపకి సుత్తి బ్లేడు. ఇది గడ్డిని పొట్టులా చేసి సమంగా పరుస్తుంది. రాయి తగిలినా మూత కిందే ఆగుతుంది, దూరం ఎగరడం తక్కువ. వెనక రోలరు ఉండడం వల్ల ఎత్తు ఒకే తీరున వస్తుంది. పని చూస్తే స్లాషర్‌ కంటే ఎంతో శుభ్రం. కానీ అదే వెడల్పుకి బరువెక్కువ, ధర ఎక్కువ. బ్లేడ్లు చాలా ఉంటాయి, అరిగిపోతే సెట్టు మొత్తం మార్చుకోవాలి. పాత కంచె తీగ ముక్క ఒక్కటి రోలరుకి చుట్టుకుంటే ఒక పూట పని ఆగిపోయినట్టే.

నా మాట అడిగితే, తిత్లీలో చెట్లు పోయిన తోటలకి స్లాషరే. దానికి నేను చూపించే కారణం ఒక్కటే. స్లాషర్‌ బోర్లించి చూస్తే మధ్యలో గుండ్రటి మూకుడులాంటి ఇనప పళ్లెం కనపడుతుంది. బ్లేడ్లు దానికి గట్టిగా బిగించి ఉండవు, ఒక్కొక్క బోల్టు మీద వేలాడుతుంటాయి. మోడు ఎదురైతే ఆ పళ్లెం దాని మీదుగా జారిపోతుంది, బ్లేడు వెనక్కి మడుచుకుంటుంది. గడ్డిలో దాక్కున్న మోడు మీద మా స్లాషర్‌ ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు. పెద్ద చప్పుడొచ్చేది, మిషన్ని కాపాడ్డానికి ముందుగా తెగిపోయేలా పెట్టిన షియర్ బోల్ట్ తెగేది, ఐదు నిమిషాల్లో కొత్తది వేసి మళ్లీ పనిలోకి. ఫ్లెయిల్ రోలరుకి ఆ దెబ్బ తగిలితే బేరింగు పోయేది. మోళ్లు, రాళ్లు లేని మామిడి తోట, పామాయిల్ తోట ఉన్నవాళ్లు, ట్రాక్టరు పెద్దదైతే, ఫ్లెయిల్‌ తీసుకుంటేనే సుఖం.

ఏ మిషన్ కొన్నా చెట్టు మొదటి దాకా ట్రాక్టరు పోకూడదు. జీడి కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, నిలువు సైలెన్సరు తగులుతుంది. పక్కకి జరిపి తగిలించే ఏర్పాటున్న మిషన్ తీసుకుంటే, బండి గొడుగు బయటే నడుస్తుంది, మూవర్ మాత్రం కొమ్మల కిందికి వెళ్తుంది. మొదలు చుట్టూ మీటరున్నర మాత్రం బ్రష్ కట్టర్‌తో, అదీ జాగ్రత్తగా. మాను మీద గాయమైతే బంక కారుతుంది, కాండం తొలిచే పురుగుకి అదే దారి. ఆ పురుగు పడిన గుర్తు, మొదట్లో రాలే రంపప్పొట్టు, గడ్డి ఉంటే కనపడదు. కనపడేసరికి చెట్టు సగం చచ్చి ఉంటుంది. మొదలు శుభ్రంగా ఉంచమనేది అందుకే.

ట్రాక్టరుకి ఎంత బలం ఉంది, ఎంత వెడల్పు లాగుతుంది

బానెట్ మీద రాసిన హెచ్‌పీ ఇంజనుది. మిషన్ని తిప్పేది వెనకాల పీటీఓ, అంటే ఇంజను బలాన్ని మిషన్‌కి అందించే తిరిగే ఇరుసు. అక్కడికి చేరేసరికి ఎనభై, ఎనభై ఐదు శాతమే మిగులుతుంది. 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరుకి పీటీఓ దగ్గర ఇరవై. 45 హెచ్‌పీ బండికి ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. మధ్యప్రదేశ్‌లో బుద్ని అనే చోట కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ల పరీక్ష సంస్థ ఉంది. వాళ్ల రిపోర్టులో పీటీఓ బలం విడిగా రాసి ఉంటుంది. డీలరుని ఆ పేజీ చూపించమని అడగండి. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది.

స్లాషర్‌కి అందరూ వాడే మోటు లెక్క, అడుగు వెడల్పుకి పీటీఓ దగ్గర 5 హెచ్‌పీ. నాలుగడుగులకి ఇరవై, ఆరడుగులకి ముప్పై. లాంటానా లాంటి కంప ఉంటే ఇంకాస్త కలుపుకోవాలి. ఫ్లెయిల్‌కి కూడా అంతకంటే ఎక్కువే చేతిలో ఉంచుకోవాలి. కాబట్టి మినీ ట్రాక్టరుకి నాలుగడుగులు దాటకూడదు. "ఐదడుగులదైతే పని తొందరగా అవుతుంది కదా" అని ఒక షాపులో మా బంధువుకి ఐదడుగులది అంటగట్టారు. గడ్డి దట్టంగా ఉన్న చోట ఇంజను మూలుగుతూ ఆగిపోతోంది. చివరికి అతను సగం వెడల్పే కోస్తూ పోతున్నాడు.

వెడల్పు మరీ తక్కువున్నా చిక్కే. వెనక చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచు దాకా టేపు పెట్టి కొలవండి. మినీ బండికి మీటరూ పది సెంటీమీటర్ల ప్రాంతంలో వస్తుంది, 45 హెచ్‌పీ బండికి మీటరూ డెబ్బై పైన. మూవర్ అంతకంటే చిన్నదైతే చక్రం తొక్కిన గడ్డి కోతకి అందదు. రెండు రోజుల్లో అది మళ్లీ లేచి తోటంతా చారలు చారలుగా కనపడుతుంది. 45 హెచ్‌పీ బండికి ఐదడుగుల స్లాషర్‌ తగిలించే వాళ్లకి ఎప్పుడూ ఉండే బాధ ఇదే.

ఇంకో మాట. స్లాషర్‌ కోతంతా వేగంలోనే ఉంది. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరగాలి. గేరుబాక్సు దాన్ని ఒకటిన్నర రెట్లకి కాస్త తక్కువగా పెంచితే బ్లేడు దాదాపు 790 చుట్లు తిరుగుతుంది. నాలుగడుగుల స్లాషర్‌లో బ్లేడు కొస అప్పుడు గంటకి 178 కిలోమీటర్ల వేగంతో పోతుంది. వందేభారత్ రైలు మీద పెట్టిన గరిష్ఠ వేగం 160. డీజిల్ మిగులుతుందని యాక్సిలరేటరు తగ్గించేస్తే ఆ వేగం పోతుంది, గడ్డి తెగకుండా చిరుగుతుంది, డెక్కు కింద ముద్దకడుతుంది. బండి నెమ్మదిగా నడవాలంటే గేరు తగ్గించాలి, ఇంజను కాదు. ఇంజను వేగం చూపే మీటరులో 540 దగ్గర గీత ఉంటుంది, ముల్లు అక్కడే ఉండాలి.

క్లచ్ తొక్కినా ఆగని బండి

ఇప్పుడు చెప్పేది కొనే ముందు ఎవరూ అడగరు, అమ్మేవాళ్లూ చెప్పరు. మా మావయ్యకి ఒక పాత ముప్పై ఐదు హెచ్‌పీ బండి ఉంది, సింగిల్ క్లచ్‌ది. ఒక ఏడాది దానికి స్లాషర్‌ తగిలించి గెడ్డ ఒడ్డున కోస్తున్నాడు. చివరి సాలు దగ్గర క్లచ్ తొక్కాడు. బండి ఆగలేదు. రెండు బండ్ల పొడవు ముందుకి పోయి, ముందు చక్రాలు గెడ్డ గట్టు దిగాక, బ్రేకు మీద నిలబడితే ఆగింది. "క్లచ్ తొక్కేను నాయనా, బండి నా మాట వినలేదు" అన్నాడు సాయంత్రం. చేతిలో టీ గ్లాసు ఇంకా వణుకుతూనే ఉంది.

తప్పు ఆయనది కాదు. సింగిల్ క్లచ్ బండిలో పీటీఓకీ చక్రాలకీ దారి ఒకటే. క్లచ్ తొక్కితే ఇంజను విడిపోతుంది, కానీ స్లాషర్‌ బ్లేడూ పళ్లెమూ ఇంకా జోరుగా తిరుగుతూనే ఉంటాయి. ఆ బరువు తిరుగుడు పీటీఓ షాఫ్టు గుండా వెనక్కి వచ్చి గేరుబాక్సుని తిప్పుతుంది, గేరుబాక్సు చక్రాల్ని తోస్తుంది. రోటవేటరుతో ఇది తెలియదు, ఎందుకంటే మట్టిలో ఉన్న బ్లేడు వెంటనే ఆగిపోతుంది. స్లాషర్‌ గాల్లో తిరిగేది కాబట్టి ఆగదు.

దీనికి మందు ఓవర్‌రన్నింగ్ క్లచ్ అనే చిన్న కప్లింగు. పీటీఓ షాఫ్టుకీ బండికీ మధ్య తగిలిస్తే బలం ఒకవైపే పోతుంది, సైకిల్ ఫ్రీవీల్ లాగ. డ్యూయల్ క్లచ్ ఉన్న బండిలో పీటీఓకి విడిగా క్లచ్ ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. మీ బండి ఏదో తెలియకపోతే మెకానిక్‌ని అడిగి తెలుసుకున్నాకే స్లాషర్‌ తగిలించండి. మావయ్య ఇప్పుడు ఆ కప్లింగు లేకుండా స్లాషర్‌ జోలికి పోడు.

పీటీఓ షాఫ్టు పొడవు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టం జరిగేలా ఉంటుందది. కొత్త మిషన్‌తో వచ్చే షాఫ్టు చాలాసార్లు మన బండికి పొడుగవుతుంది. మిషన్ని లిఫ్టుతో మెల్లగా ఎత్తుతూ దించుతూ, రెండు కొసలూ ఎక్కడ బాగా దగ్గరవుతాయో అక్కడ ఆపి కొలవాలి. ఆ చోట కూడా లోపల అంగుళం జాగా మిగలాలి. మిగలకపోతే షాఫ్టు గునపంలా బండి పీటీఓ బేరింగుని పొడుస్తుంది, బేరింగు పోతుంది. పొడవెక్కువైతే లోపలి గొట్టం, బయటి గొట్టం, వాటి మీది ప్లాస్టిక్ తొడుగు సమానంగా కోయించి, అంచులు ఆకురాయితో నునుపు చేసి గ్రీజు పెట్టాలి. మరీ పొట్టిగా కోసినా ముప్పే. బాగా సాగినప్పుడు కూడా గొట్టాలు కనీసం మూడోవంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. షాఫ్టు రెండు కొసల్లోని యోకులు, అంటే చీలిన కొక్కేల్లాంటి ముక్కలు, ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. తప్పితే బండంతా అదురుతుంది. ప్లాస్టిక్ తొడుగు విరిగిందని తీసి పారేసే వాళ్లని చాలామందిని చూశాను. పంచె కొసో తుండు గుడ్డో ఆ తిరిగే ఇనుముకి ఒక్కసారి చుట్టుకుంటే మనిషి మిగలడు. ఆ తొడుగు మార్పించకుండా మా బండి తోటలోకి దిగదు.

షియర్ బోల్ట్ తెగిందని దాని బదులు గట్టి బోల్ట్ వేస్తే తర్వాత తెగేది గేరుబాక్సే. కంపెనీ చెప్పిన సైజు, చెప్పిన మెత్తదనం ఉన్నవే ఐదారు కొని టూల్‌బాక్సులో పెట్టుకోవాలి. షియర్ బోల్ట్ బదులు, దెబ్బ తగిలితే జారిపోయే స్లిప్ క్లచ్ ఉన్న మిషన్ అయితే, ఏడాదంతా పాకలో ఉండి తుప్పుకి దాని ప్లేట్లు అతుక్కుపోతాయి. సీజను మొదట్లో స్ప్రింగు నట్లు వదులు చేసి ఒక్కసారి జారనిచ్చి, మళ్లీ ముందున్న కొలతకే బిగించాలి. బ్లేడు మరీ కత్తిలా నూరక్కర్లేదు గానీ రెండు బ్లేడ్లూ ఒకే బరువుండాలి. ఒకటే నూరి ఊరుకుంటే అదురుకి వెల్డింగులు చీలతాయి. డెక్కు ముందు అంచు వెనక అంచు కంటే అంగుళం కిందికుండేలా టాప్ లింక్, అంటే మిషన్ని పైన బండికి పట్టే కడ్డీ, సర్దుకోవాలి. అప్పుడు గడ్డి ఒక్కసారే తెగి వెనక నుంచి హాయిగా పోతుంది, డీజిలూ కలిసొస్తుంది.

వాలులో అడ్డంగా తోలకండి, పైనుంచి కిందికి, కింది నుంచి పైకి. వెనక బరువు తగిలినప్పుడు ముందు చక్రాలు తేలిపోకుండా ముందు వెయిట్లు ఉండాలి. డెక్కు ముందూ వెనకా గొలుసుల తెర లేని స్లాషర్‌ ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు. గులకరాయి బుల్లెట్‌లా ఎగురుతుంది. మా వైపు మేకలు కాచే పిల్లలు ట్రాక్టరు చప్పుడు వినపడితే చూడ్డానికి పరిగెత్తుకొస్తారు. కోత రోజున వంద మీటర్ల లోపు ఎవరూ రాకుండా ఒక మనిషిని నిలబెట్టండి. ఆ కూలి ఖర్చు దండగ అనుకోవద్దు.

కొనాలా, అద్దెకి పిలవాలా

నాలుగడుగుల స్లాషర్‌తో, గంటకి మూడున్నర కిలోమీటర్ల నడకలో, చెట్ల చుట్టూ తిరగడాలూ ఆగడాలూ పోగా గంటకి ముప్పావు ఎకరం అవుతుంది. ఐదెకరాలు, ఏడాదికి మూడు కోతలు, మొత్తం ఇరవై గంటల పని. ఇరవై గంటల కోసం ఒక మిషన్ కొని మిగతా ఏడాదంతా పాకలో తుప్పు పట్టించడం నాకు సబబుగా అనిపించదు. పక్కపక్క తోటలవాళ్లు నలుగురు కలిసి కొనుక్కోండి. లేదా ఒక్కరు కొని మిగతా ముగ్గురికి గంట లెక్కన తోలండి. ఎకరం, రెండెకరాలే ఉంటే, అదీ నిటారు వాలైతే, ట్రాక్టరు ఊసే వద్దు, మంచి బ్రష్ కట్టర్ చాలు.

వ్యవసాయ యాంత్రీకరణకి కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన పథకం కింద ఇలాంటి మిషన్ల మీద మామూలు రైతుకి నలభై శాతం దాకా, ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు, మహిళా రైతులకి యాభై శాతం దాకా సబ్సిడీ ఉంటుంది. దాన్ని అమలు చేసేది రాష్ట్రాలే. మనకి సరిహద్దుకి అటూ ఇటూ బంధువులూ పొలాలూ ఉంటాయి గానీ, పట్టా ఏ రాష్ట్రంలో ఉంటే దరఖాస్తు ఆ రాష్ట్రంలోనే పెట్టాలి. ఒడిశా పట్టాలో డెసిమల్ అని ఉంటుంది, ఆంధ్రాలో సెంటు అంటాం. రెండూ ఒకటే, ఎకరంలో నూరో వంతు. ఫారం నింపేటప్పుడు ఇక్కడ కంగారు పడకండి. మిషన్ కాస్త తక్కువ రేటుకి దూరపు షాపులో దొరికినా, బ్లేడూ గేరుబాక్సు సీలూ పర్లాకిమిడిలోనో టెక్కలిలోనో దొరుకుతాయా లేదా అన్నది ముందు చూసుకోండి. ఆగస్టులో ఒక సీలు కోసం పది రోజులు ఆగితే గడ్డి విత్తనం పట్టేస్తుంది.

మేం ఇప్పుడు చేస్తున్నది ఇది. జూలై ఆఖర్లో, గడ్డి మోకాలు దాటకముందే, పూత రాకముందే మొదటి కోత. వయ్యారిభామ కూడా అప్పుడే పోతుంది. దానికి చేతులకి గుడ్డ కట్టుకుంటాం, లేకపోతే దురద. అక్టోబరు తుఫాన్లు దాటాక, నవంబరులో నేల ఆరాక రెండోది. సంక్రాంతి వెళ్లాక, జీడి పూత మీద ఉన్నప్పుడు కొమ్మలకి దూరంగా సాళ్ల మధ్య మాత్రం మూడోది, దానితో పాటే అగ్గి పట్టీ. మొదటి కోతకి ముందు రోజు తోటంతా నడిచి, మోడు ఉన్న ప్రతి చోటా ఒక వెదురు కర్ర పాతి, కొసకి తెల్ల గుడ్డ కడతాం. ఈ ఏడాది ముప్పై ఒక్క కర్రలు పాతాం. పశువులకి మేత గెడ్డ పక్కన ముప్పై సెంట్లలో వేసిన నేపియర్ నుంచి, కొడవలితో వస్తోంది.